ధర్మవరంలో మాకు చీర అమ్మలేదు

మేం తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఉప్పాడలో మా వీధి వీధంతా అడిగేది ఒకటే మాట. ధర్మవరం దాకా వెళ్ళారు కదా, చీరలేవి? చీరలు లేవు. చీర అమ్మనని మమ్మల్ని గుమ్మంలోంచి పంపించేశారు. ఆ సంగతి చెప్తే "అమ్మో, అంత పొగరా వాళ్ళకి" అని బుగ్గలు నొక్కుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండుతోంది. మండేది ధర్మవరం మీద కాదు. ఎవరి మీదో చెప్పాలంటే మొదట్నుంచీ రావాలి.

మా నాన్నకి డెబ్భై ఒకటి. యాభై ఏళ్ళు జాంధానీ మగ్గం మీద కూర్చున్న మనిషి. తన ఊరి చీర తప్ప ఇంకో ఊరి చీరని మెచ్చుకోగా నేనెప్పుడూ వినలేదు, ఒక్క ధర్మవరం చీరని తప్ప. ఆ మగ్గం ఒకసారి కళ్ళతో చూడాలి, మీ అమ్మకి అక్కడే ఒక చీర కొనాలి అని ఏళ్ళ తరబడి అంటున్నాడు. సరే పదండి అన్నాను. బళ్ళో సాంఘికం చెప్పే దాన్ని, పిల్లల్ని విహారయాత్రలకి తిప్పిన అనుభవం ఉన్నదాన్ని. ఏ పూట ఎక్కడ, ఏది ముందు, ఏది తర్వాత, అన్నీ నేనే రాశాను. నాన్న, అమ్మ, కాకినాడలో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే తమ్ముడు రమణ, నేను. నలుగురం బయల్దేరాం.

హిందూపురం

ఊరు కాని ఊరు అంటారే, హిందూపురం మాకు అలాగే అనిపించింది. సముద్రం పక్కన పుట్టినవాళ్ళం. ఇక్కడ ఎటు చూసినా బండరాళ్ళు, ఎర్రనేల. గాలిలో తడి అనేది లేదు. అమ్మ బస్సు దిగుతూనే పెదాలు తడుముకుని, "ఇదేం దేశమే, చెమట కూడా పట్టదు" అంది.

ఆటో అతను ఫోనులో కన్నడంలో ఎవరితోనో పోట్లాడుతూనే మాతో తెలుగులో బేరమాడాడు. "దుడ్లదేముందమ్మా, ఎక్కండి, ఇచ్చినంత ఇద్దురు" అన్నాడు. ఇచ్చినంత తీసుకోలేదు. తిన్నగా నడిస్తే పది నిమిషాలు పట్టే లాడ్జికి నూట ఇరవై రూపాయలు అడిగాడు. నేను పోట్లాడి ఎనభైకి దించాను. రమణ సిగ్గుపడి మొహం అటు తిప్పుకున్నాడు. వాడికి ఎవరైనా గట్టిగా మాట్లాడితే సిగ్గు. ఈ సిగ్గు సంగతి మళ్ళీ చెప్తాను.

పొద్దున్నే ఉగ్గాని తిన్నాం. ఉగ్గాని అంటే ఏమిటో అనుకున్నాను, మన మరమరాలే. వాళ్ళు బొరుగులంటారు. నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయా పసుపూ వేసి తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, మిరపకాయ బజ్జీతో ఇస్తారు. ప్లేటు నలభై. మా వైపు మరమరాలు తడిస్తే పారేస్తాం. నాన్న రెండు ప్లేట్లు తిన్నాడు. వడ్డించే ఆమె నాన్న పక్కనే నిలబడి, "యా ఊరప్పా మీది?" అని అడిగింది.

"ఉప్పాడండి. కాకినాడ దగ్గరండి."

"మాటలోనే తెలస్తాండాది లెండి. ఇంత పెద్దాయన నన్ను అండీ అంటాండాడు" అని నవ్వి, అడక్కుండానే ఇంకో బజ్జీ వేసింది.

మా బొబ్బట్టుని అక్కడ ఓళిగ అంటారు. కాగితమంత పల్చగా చేసి నెయ్యి పోస్తారు. మా వైపు బొబ్బట్టు ఒకటి తింటే భోజనం మానెయ్యొచ్చు, ఇది నాలుగు తిన్నా తిన్నట్టుండదు. అమ్మకి నచ్చలేదు, అయినా మూడు తింది.

మధ్యాహ్నం లేపాక్షి. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫొటోలు దిగుతుంటే నాన్న మెడ వెనక్కి విరిచి పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. ఆ బొమ్మల్లో ఆడవాళ్ళ చీరల అంచులు చూస్తున్నాడు. "ఈ గళ్ళు నెయ్యాలంటే ఎంత కష్టమో బొమ్మ గీసినోడికి తెలిసుండదు" అన్నాడు. అంత సంతోషంగా ఆయన్ని ఈ మధ్య చూడలేదు.

పెనుకొండ

మర్నాడు పెనుకొండ బస్సెక్కాం. దారిలో ఎర్రమంచి దగ్గర కొరియా వాళ్ళ కార్ల ఫ్యాక్టరీ. దాని గోడ ఎంతకీ అయిపోదు. గోడకి ఇవతల వేరుశెనగ చేలో ఆడవాళ్ళు వంగి కలుపు తీస్తున్నారు. రోడ్డు మీద హోటళ్ళకి కొరియా అక్షరాల బోర్డులు. నాన్న వాటిని చూసి ఇవేం ముగ్గులే అని అడిగాడు.

పెనుకొండలో ఎక్కడ చూసినా పాత రాతి గోడలు, వాటి మీద ఆరేసిన బట్టలు. పెద్ద పెద్ద రాజులు వేసవికి వచ్చి ఉన్న ఊరని పాఠంలో చెప్పేదాన్ని. వేసవికి ఇక్కడికెందుకు వచ్చారో నాకు అర్థం కాలేదు. కోట పైకి ఎక్కలేదు. గగన్ మహల్ చూసి, దర్గాకి వెళ్ళి, పూలదుప్పటి కప్పించాం. అక్కడ బొట్టు పెట్టుకున్న వాళ్ళూ, టోపీ పెట్టుకున్న వాళ్ళూ ఒకే వరసలో నిలబడతారు. మా వైపు ఇంత మామూలుగా ఉండదు. బయటికొచ్చి పక్క సందులో బాబయ్య అనే ఆయన టీకొట్టు దగ్గర కూర్చున్నాం. అప్పుడు పన్నెండు కావస్తోంది.

నాన్న టీ గ్లాసు అందుకున్నాడు. చెయ్యి పట్టుకున్నట్టే ఉంది, గ్లాసు జారి బండ మీద పడి పగిలింది. ఆయన కిందకి చూడలేదు. ఏదో అనబోయాడు. నోట్లో అన్నం ముద్ద ఉన్నట్టు మాట లోపలే తిరిగింది. పెదవి కుడివైపు కిందికి జారింది. అమ్మ "ఏవండీ, ఏవండీ" అంటూ భుజం పట్టి ఊపుతోంది.

బాబయ్య పొయ్యి దగ్గర్నుంచి ఒక్క అంగలో వచ్చాడు. నాన్న మొహం చూసి, "అమ్మా, పెద్దాయన మూతి వంకర పోయినాది చూడండి. ఇది వాతం మాదిరి ఉండాది. జల్దీ ఆసుపత్రికి పోండి" అన్నాడు.

ఆ ఊళ్ళో ఆ పూట సరైన మాట అన్నది ఆయనొక్కడే. మిగతా వాళ్ళంతా వైద్యులే. ఒకాయన ఎండదెబ్బ అన్నాడు. ఒకావిడ దర్గాలో పీరు పూనాడంది. స్కూటరు ఆపి దిగినాయన, "పావురం రగతం పూయల్లమ్మా. మా అన్నకు అట్లే నయమాయ. మా పక్కూర్లో ఆకుపసరు కూడా పోస్తారు, రమ్మంటే నేను తోలుకోని పోతా" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు, నాకు తెలుసు. కానీ మనిషి నోరు పడిపోతుంటే పావురాన్ని వెతకమంటే నాకేం చెయ్యాలో తోచలేదు. అమ్మ అయితే "ఏ ఊరు బాబూ?" అని అడిగేసింది కూడా.

ఇంతలో, పది నిమిషాలు పట్టిందో లేదో, నాన్న మొహం దారిలోకి వచ్చింది. కుడిచెయ్యి పైకెత్తి చూసుకుని, "ఏంటే ఇంతమంది చేరారు?" అన్నాడు. మాట స్పష్టంగానే ఉంది. ఇంకో టీ అడిగి పుచ్చుకుని తాగేశాడు. రమణ ముఖం వెలిగిపోయింది. "నిన్న తిన్న బజ్జీలక్కా, గ్యాసు. నీది అన్నిటికీ కంగారే" అన్నాడు.

అయినా నేను లాక్కెళ్ళాను. ఆటో అతను దగ్గర్లో ఉన్న ఒక చిన్న క్లినిక్‌లో దించాడు. డాక్టరు లేడు. బల్ల దగ్గర కూర్చున్నాయన మేం చెప్పింది సగం విని, "నడిచి వచ్చినాడు కదమ్మా. పక్షవాతమొచ్చినోడు నడిచొస్తాడా?" అన్నాడు. బీపీ చూడమన్నాను. మిషను బాగుచేసేదానికి పోయినాదన్నాడు. గ్యాసు మాత్రలు నాలుగు చుట్టిచ్చి, నూట యాభై తీసుకున్నాడు. ఇప్పటికీ తలచుకుంటే పళ్ళు నూరుకుంటాను. తెలీకపోవడం తప్పు కాదు. తెలీదని చెప్పకపోవడం తప్పు.

ఇక నేనేం చేశానో కూడా రాయాలి కదా. ఊరుకున్నాను. నాన్న మొహం గంటుపెట్టుకుని, "ధర్మవరం గుమ్మం దాకా తెచ్చి వెనక్కి తీసుకుపోతే ఇంక నన్ను ఏ ఊరూ తీసుకెళ్ళొద్దు" అన్నాడు. రమణ ఫోను చూసుకుంటూ, ధర్మవరం లాడ్జికి కట్టిన డబ్బులు వెనక్కి రావన్నాడు. అమ్మ దర్గా వైపు తిరిగి దణ్ణం పెట్టింది. ముగ్గురూ ఒక వైపు. నేనొక్కదాన్నీ అరిస్తే వీధిలో బాగుండదని నోరు మూసుకున్నాను. ఆటో వాడితో నలభై రూపాయల కోసం అరవగలిగినదాన్ని నాన్న ప్రాణం కోసం అరవలేకపోయాను. తమ్ముడి సిగ్గు గురించి ఇందాక ఎత్తిపొడిచాను గానీ ఆ రోజు నా సిగ్గు వాడిదాని కంటే పెద్దది.

ధర్మవరం

ధర్మవరంలో మగ్గం చప్పుడు వినడానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. సందులో నిలబడితే రెండు వైపులా ఇళ్ళలోంచి వస్తుంది. నాన్న ఆ చప్పుడు వింటూనే నడక మార్చాడు, పెళ్ళికి ఆలస్యమైన వాడిలా. మర్నాడు పొద్దున లాడ్జి అతను చెప్పిన ఇంటికి వెళ్ళాం. నారాయణప్ప, నాగమ్మ అని మొగుడూ పెళ్ళాలు. లోపల గుంట మగ్గం మీద నారాయణప్ప. ముందు గదిలో మంచం మీద ఒక ముసలాయన, గోడవైపు తిరిగి. పలకరిస్తే కళ్ళు తిప్పాడు గానీ మాట్లాడలేదు.

నాన్న నేతగాడని తెలిశాక వాళ్ళ ఆదరణే వేరు. మా ఊళ్ళోనూ ఇంతే. నేతగాడు ఇంకో నేతగాడి గుమ్మం తొక్కితే ముందు పరీక్ష, తర్వాతే బేరం. నాగమ్మ రెండు చీరలు తెచ్చింది. రెండూ ఒకే రంగు, ఒకే అంచు.

"ఒకదాంట్లో నూలు కలిపినారు. ఒకటి నిఖార్సు పట్టు. కండ్లు మూసుకోని చెప్పల్ల, యాది పట్టో."

నాన్న నవ్వి కళ్ళు మూసుకున్నాడు. ఇది ఆయనకి లెక్కే కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంగు పెట్టి ఒక్కసారి రుద్దితే పోగు ఏ ఊళ్ళో వడికారో చెప్తాడని మా వీధిలో పేరు. మొదటి చీర రుద్దాడు. రెండోది రుద్దాడు. చాలాసేపు రుద్దాడు. తర్వాత నూలు కలిపిన చీరే పట్టుకుని, "ఇదే" అన్నాడు.

రమణ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. నాగమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె నాన్న చేతి వైపు చూస్తోంది. చీర వేళ్ళలోంచి జారి ఒళ్ళో పడింది. నాన్న కళ్ళు మూసుకునే, ఖాళీ వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూనే ఉన్నాడు.

"ఏమప్పా, చెయ్యి తిమ్మిరెక్కినాదా?" అంది ఆమె మెల్లగా.

"లేదమ్మా."

"చీర జారిపాయ కదా. నీకు తెలీల్యా?"

నాన్న కళ్ళు తెరిచి ఒళ్ళోకి చూసుకున్నాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. యాభై ఏళ్ళ పని ఆయన వేళ్ళలో లేకుండా పోయిందని ఆయనకి ఆ క్షణంలో తెలిసింది.

ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా అని నాగమ్మ నన్ను అడిగింది. నిన్న పెనుకొండలో జరిగింది చెప్పాను. ఆమె లేచి నిలబడింది.

"నిన్న అట్లయితే ఈపొద్దు చీరలు చూసేకి వచ్చినారా?" అని మంచం వైపు చెయ్యి చూపించింది. "మా మామకూ ఇట్లే, మగ్గం మీద కూచోనుండంగా పోగు తోసే నాడె చేతిలోంచి జారిపాయ. రోంత సేపటికి బాగైనాడు. రేపు పోదాంలే అనుకుంటిమి. తెల్లారేతలికి చెయ్యీ కాలూ పోయినాయి. మూడేండ్లాయ. నేనే తినిపిస్తాండా."

రమణ పర్సు తీశాడు. "సరేనండి, ఆ పట్టుచీర ప్యాక్ చెయ్యండి. దారిలో ఎక్కడైనా చూపించేస్తాం."

"చీర ఇయ్యను."

"డబ్బులు పూర్తిగా ఇస్తాం కదండీ."

"దుడ్ల మాట కాదప్పా. చీర చేతికిస్తే పనైపోయిందని లాడ్జికి పోతారు. ఈ ఇంట్లో మీకు ఎవురూ చీర అమ్మరు, పక్కింట్లో కూడా చెప్తా. ముందు ఆసుపత్రికి పోండి. బతికుంటే మళ్ళా వచ్చి కొనుక్కుందురు గాని."

అమ్మ ఏడుపందుకుంది. రమణకి కోపమొచ్చింది, ముక్కూ మొహం తెలియని వాళ్ళు అలా అశుభం పలకొచ్చా అన్నాడు. నాగమ్మ లోపలికి కేకేసింది. నారాయణప్ప గుంటలోంచి లేచి, చొక్కా తగిలించుకుంటూ వచ్చి, నాన్న చంక కింద చెయ్యేసి లేపాడు. పట్టుచీర అమ్ముడైతే ఆ ఇంటికి నెల గడుస్తుంది. దాన్ని పక్కన పెట్టి ఆయన మాతో బండెక్కాడు.

అనంతపురం

ధర్మవరం ఆసుపత్రిలో చూసి వెంటనే అనంతపురం పంపించారు, స్కాను తియ్యాలని. నారాయణప్ప అక్కడిదాకా వచ్చాడు. దారి పొడుగునా నాన్న కుడిచెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. తిరుగు ఛార్జీలు ఇవ్వబోతే, "మీ ఊరొస్తే మీరు చేయరా?" అన్నాడు. చేస్తామో లేదో నాకు నమ్మకం లేదు.

డాక్టరు చిన్నపిల్ల, ముప్ఫై కూడా ఉండవు. నవ్వమంది, రెండు చేతులూ ఎత్తమంది, పేరు చెప్పమంది. స్కాను చూశాక మమ్మల్ని కూర్చోబెట్టింది.

"స్కానులో ఏమీ కనపడలేదు. కనపడలేదు కాబట్టి ఏమీ లేదని అనుకోవద్దండి. చిన్న స్ట్రోకు రెండుసార్లు వచ్చినట్టుండాది. మళ్ళా వస్తే ఇట్లే తగ్గిపోతుందని నేను చెప్పలేను. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా, పది నిమిషాల్లో తగ్గినా సరే, ఆ నిమిషమే రావల్ల. నిన్ననే రావాల్సింది మీరు."

రమణ తల దించుకున్నాడు. వాణ్ణి చూస్తే నాకు లోపల తృప్తిగా ఉంది, నిజం చెప్తున్నాను. గ్యాసు అన్నావు కదరా అని మొహం మీద అడగాలని నోటిదాకా వచ్చింది. క్లినిక్ వాణ్ణి కోర్టుకి లాగుదామన్నాను. డాక్టరు అదేదీ పట్టించుకోకుండా నాన్న బీపీ చూసింది. రాసుకోబోయి ఆగింది.

"బీపీకి మాత్రలు వాడతాండారా?"

"ఆయ్, రోజూనండి" అన్నాడు నాన్న కప్పు వైపు చూస్తూ.

"రోజూ వాడితే ఇంత ఉండదు పెద్దాయనా. ఎప్పటినుంచి మానేశారు?"

అమ్మ సంచీలోంచి రుమాలు తీసి మూట విప్పింది. మాత్రల అట్ట. బయల్దేరిన రోజు నుంచి ఒక్కటీ వాడలేదు.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "ఎవరు మానెయ్యమన్నారు నాన్నా? ఎవరే అమ్మా చెప్పింది? బుద్ధుందా మీకు?" ఆసుపత్రని కూడా చూడకుండా అరిచాను. పెనుకొండలో రాని గొంతు అప్పుడొచ్చింది.

అమ్మ నన్ను చూడలేదు. డాక్టరుతోనే చెప్పింది. "ఆ మాత్ర వేసుకుంటే గంటకోసారి లేవాలమ్మా. ఇంట్లో అయితే పర్లేదు. బస్సులో ఎలా? మా అమ్మాయి ముందే చెప్పింది. నీళ్ళు ఎక్కువ తాగొద్దు, దారిలో బస్సు ఆపమని ఎవరూ అడగొద్దు, నలుగురిలో పరువు పోతుంది అని. పాపం అంతా అదే చూసుకుంటోంది, దానికి ఇబ్బంది ఎందుకని."

ఆ మాట నేనన్నాను. బయల్దేరే ముందు రోజు, బళ్ళో పిల్లలకి చెప్పినట్టే, వేలు చూపించి మరీ చెప్పాను. నా జీవితమంతా బస్సుల్లో గొంతు తడుపుకోకుండా తిరిగినదాన్ని, అది క్రమశిక్షణ అనుకున్నాను. డెబ్భై దాటిన మనిషి నా క్రమశిక్షణ కోసం మందు మానేశాడు.

"నువ్వేం మాత్రలు వాడతావమ్మా?" అని డాక్టరు అమ్మని అడిగింది.

అమ్మ రుమాల్లోంచి రెండో అట్ట తీసింది. అదీ నిండుగానే ఉంది. డాక్టరు అమ్మ చేతికి పట్టీ చుట్టి చూసింది. చూసి, విప్పి, మళ్ళీ చుట్టి చూసింది. తర్వాత నర్సుని పిలిచి పక్కన ఇంకో మంచం వెయ్యమంది.

గుంతకల్లు దారి

ఆరు రోజులు ఉంచుకుని పంపించారు. నాన్న వేళ్ళలోకి తెలివి చాలావరకు వచ్చింది. పూర్తిగా వస్తుందో రాదో చెప్పలేమన్నారు. రైలు గుంతకల్లులో, అక్కడిదాకా కదిరి నుంచి వచ్చే బస్సు. పొద్దున్నే ఇద్దరి చేతా నేనే మాత్రలు మింగించాను, ఎదురుగా నిలబడి, గ్లాసు నిండా నీళ్ళతో.

బయల్దేరిన ముప్పావుగంటకి నాన్న సీట్లో కదలడం మొదలుపెట్టాడు. ఏం కావాలంటే ఏం లేదన్నాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను లేచి డ్రైవరు దగ్గరికి వెళ్ళాను.

"ముందు పెట్రోలు బంకు వస్తుంది కదా, అక్కడ ఆపండి. మా నాన్న దిగాలి."

కండక్టరు వెనక నుంచి, "ఈడ ఆపేకి లేదమ్మా. ఇంగ రోంత దూరమే. ఓర్చుకోమను" అన్నాడు.

"ఓర్చుకోరు. ఆపండి."

"ఒకరి కోసం అందరికీ ఆలస్యం కదమ్మా."

బస్సంతా నన్నే చూస్తోంది. చెవులు కాలిపోతున్నాయి. నేను డ్రైవరు పక్కన కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆపేదాకా కూర్చోనన్నాను. బంకు దగ్గర ఆయన విసుక్కుంటూ పక్కకి తీశాడు.

నేను వెనక్కి వెళ్ళి నాన్నని లేపేలోపే ముందు సీట్లోంచి ఒకామె లేచింది. చంకలో పిల్లని మొగుడి ఒళ్ళో పడేసి దిగింది. ఆమె వెనకాల ఇద్దరు ముసలమ్మలు. తర్వాత కాలేజీ ఆడపిల్లలు నలుగురు, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ. ఆ తర్వాత మా అమ్మ. మగవాళ్ళెవరూ లేవకముందే బస్సులో ఆడవాళ్ళు దాదాపు అందరూ దిగిపోయారు. ఆఖర్న దిగుతున్న ఇంకో ముసలమ్మ మెట్టు మీద నా భుజం పట్టుకుని ఆగింది.

"కదిరిలో ఎక్కినప్పట్నుంచీ బిగబట్టుకోనుండా తల్లీ" అంది. "అడిగితే ఏమనుకుంటారో అని."

కండక్టరు మా వైపు చూడకుండా టిక్కెట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. నేను నాన్నని దింపి, మెట్ల దగ్గరే నిలబడి, ఆఖరి మనిషి ఎక్కేదాకా బస్సు కదలనివ్వలేదు.